నల్లబండ పైన టెంపరేచర్ ఒకచోట నిలబడదేంది? మీటర్ తప్పా, గాలి తప్పా?

పత్తికొండ_టమాట
మార్కెట్లో రేటు పడిపోయిన ప్రతిసారీ రోడ్డు పక్కన పారబోసేది చూసి చూసి యిసుగొచ్చి, ఈ ఎండాకాలం ఒరుగులు పెడదామని దిగినా. మిద్దె మీద నల్ల కడప బండలు పరిచి, వాటి పైన నైలాన్ వల బిగించిన ఫ్రేము పెట్టాలని ప్లాను. ఎంత ఎత్తులో పెడితే మంచిదో కొలుద్దామని కర్నూల్లో ఒక డిజిటల్ మీటరు, దానికి కె టైపు సన్న వైరు (కొసన టెంపరేచర్ పట్టే థర్మోకపుల్) కొన్నా.

పైటాల రెండింటప్పుడు బండ 62 చూపిస్తాంది (ఇది తుపాకీ మాదిరి ఇన్‌ఫ్రారెడ్ దాంతో). నీడలో గాలి 41. ఇంతవరకూ బాగానే ఉండాది. వైరు కొసను బండకు రెండు వేళ్ల ఎత్తులో పెడితే 44, 51, 43, 43, 56, 45... ఒక్క క్షణం గమ్మునుండదు. జానెడు ఎత్తులో 42 నుంచి 46 దాకా ఆడతాంది. షాపులో అడిగితే "మీ చెయ్యి వణుకుతాందేమో" అంటాడు, మార్చియ్యడంట. స్టాండుకు కట్టి చూసినా అదే కథ. మీటరు పాడైందా? ఏ నంబరు నమ్మల్ల?

కారందోశె_కడప
రేటు పడితే ఊరగాయ పెట్టల్ల గానీ మీటరు పెట్టేదేందప్పా.

మిద్దెమీద_మంచం
చవక మీటర్లు ఇట్లనే ఎగుర్తాయి. ఒక పని చెయ్. గ్లాసులో నీళ్లు పోసి వైరు ముంచు. నీళ్లలో కూడా ఆడితే మీటరు పోయినట్టే. షాపోడి మొహాన కొట్టి రా.

పత్తికొండ_టమాట
ముంచినా. 31.4 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. తీసి బండ మీద పెడితే మళ్లీ గంతులు.

అనంత_థర్మల్
అయితే మీటరుకేం కాలేదు. అక్కడ ఉన్నదే చూపిస్తాంది. వైరు సన్నది కాబట్టి మారింది మారినట్టు పట్టుకుంటాంది. పాతకాలం గాజు థర్మామీటరు పెట్టుంటే అన్నీ కలిపేసి 47 దగ్గర మెల్లగా ఆగేది, నువ్వూ ఈ ప్రశ్న అడిగేవాడివి కాదు.

బండకు అంటుకున్న గాలి కదల్లేదు. ఆ పల్చటి పొరలో వేడి ఒక పొర నుంచి ఇంకో పొరకు పాకుతూ పోవాల్సిందే, గాలేమో వేడిని అంత సులువుగా పాకనియ్యదు. ఆ పొర మందం లెక్కేద్దాం. వేడి పలక పైకి చూస్తూ ఉండి, బయటి గాలి ఆడకపోతే, చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు పోయే వేడి సుమారు 1.5 ఇంటూ తేడా ఘనమూలం. నీ తేడా 21 డిగ్రీలు, దాని ఘనమూలం 2.76. అంటే దాదాపు 4.2 వాట్లు. గాలి ఉష్ణవాహకత 0.028. దాన్ని దీంతో భాగిస్తే 6.7 మిల్లీమీటర్లు. అంటే 62కీ 41కీ మధ్య ఉన్న తేడాలో చాలా భాగం బండ నుంచి సెంటీమీటరు లోపలే కరిగిపోతాది. నువ్వు వైరు పెట్టిన రెండు వేళ్ల ఎత్తు ఆ పొరకు బయటే.

మరి 56 యాడ్నుంచొచ్చింది అంటావా. ఆ పొర అట్లే పడుండదు. కింద తేలిక గాలి, పైన బరువు గాలి. ఎంతసేపు ఓర్చుకుంటాది? అక్కడక్కడ చీలి, సన్నని తెరల మాదిరి పైకి లేస్తాది. లేచిన చోటు ఖాళీగా ఉండదు గదా, పైనుంచి చల్లటి గాలి దిగుతాది. నీ వైరుకు తెర తగిలితే 56, చల్లగాలి దిగితే 43. సగటు 47 అనేది ఆ చోట ఏ క్షణంలోనూ ఎక్కువసేపు ఉండే నంబరే కాదు.

బుడ్డలచేను
ఇంత కథెందుకన్నా. వేడి గాలి పైకి పోతాదని మూడో తరగతిలోనే చెప్పినారు. అట్లయితే ఫ్రేము ఎంత పైన పెడితే అంత వేడి తగలాల గదా? మీటరు మాత్రం కిందే ఎక్కువంటాంది.

మాజీ_ఫిజిక్సు
బుడ్డలచేను గారూ, మూసిన గదిలో పైకప్పు కింద వేడి పోగవుతుంది, అది వేరే సంగతి. మిద్దె మీద పైన మూత లేదు. లేచిన వేడిగాలి పక్కనున్న చల్లగాలిని కలుపుకుంటూ పోతుంది, జానెడు పోయేసరికి తన వేడిలో చాలా భాగం పంచేసుకుంటుంది. అందుకే పైకి పోయేకొద్దీ సగటూ తగ్గుతుంది, ఊగిసలాటా తగ్గుతుంది. అసలు ప్రశ్న పెట్టినాయన కొలతల్లోనే ఉంది: కింద 43 నుంచి 56, పైన 42 నుంచి 46.

ఇంకో మాట. ఆయన ఇచ్చిన వరసలో 43, 43 అని పక్కపక్కన రెండుసార్లు వచ్చింది చూశారా? ఆ చూపుతోనే కేంబ్రిడ్జిలో ఎ. ఎ. టౌన్సెండ్ 1959లో ఒక పత్రం రాశాడు. వేడి చేసిన పలక పైన గాలిలో టెంపరేచర్ ఎట్లా ఊగుతుందో సన్నటి తీగతో కొలిచాడు. ఆయన చూసింది ఇదే: కాసేపు గబగబా ఎగుడుదిగుడు, తర్వాత కాసేపు ప్రశాంతం, మళ్లీ గోల. వేడి ఒక ధారగా పోదు, దఫదఫాలుగా పోతుంది.

కారందోశె_కడప
పత్తికొండలో మిద్దె మీద చేసిన పని కేంబ్రిడ్జిలో పేపరంట. మీటరు షాపోనికి ఈ పోస్టు ప్రింటు తీసి ఇయ్యండి.

వానలెక్క
ఒక జాగ్రత్త. వైరు కొసకు నేరుగా ఎండ తగులుతాందా? తగిలితే అది చూపించేది గాలి టెంపరేచరు కాదు, ఎండలో కాగిన వైరు టెంపరేచరు. సన్న తీగైతే తేడా కొంచెమే, లావు ముడి అయితే కొన్ని డిగ్రీలు కూడా ఎక్కొచ్చు. ఎండకు అడ్డంగా చిన్న అట్టముక్క పెట్టు, కానీ బండ మీద నీడ పడకుండా. పడితే నువ్వు కొలిచే బండే చల్లారిపోతాది.

ఒక్క రీడింగు చూసి రాసుకోవద్దు. పది నిమిషాలన్నా వరసగా రాసి సగటు తీయాల. సగటుతో పాటు అతి ఎక్కువ, అతి తక్కువ కూడా రాయి.

మిద్దెమీద_మంచం
ఇది చదివినాక నాకొకటి అర్థమైంది. టీవీలో "కర్నూల్లో 42" అంటారు, మిద్దె మీద కాలు పెడితే చుర్రుమంటాది. మావాళ్లంతా ప్రభుత్వం తగ్గించి చెప్తాందంటారు.

వానలెక్క
తగ్గించేదేం లేదప్పా. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరును తెల్ల రంగేసిన, గాలి ఆడే చెక్క పెట్టెలో, నేల నుంచి మనిషి నడుము, భుజం ఎత్తులో పెడతారు. ప్రపంచ వాతావరణ సంస్థ నిబంధన 1.25 నుంచి 2 మీటర్లు. అది గాలి లెక్క. నీ కాలు తగిలేది సిమెంటు. రెండూ నిజమే.

పత్తికొండ_టమాట
మంచం అన్న టాపిక్ తిప్పేసినాడు. నా ఫ్రేము సంగతి చెప్పండి. ఇప్పుడున్న బండలు తొమ్మిది చదరపు మీటర్లు, మూడు ఇంటూ మూడు. ఇంకా పెద్దగా పరిస్తే గాలి ఎక్కువ వేడెక్కుతాదా?

అనంత_థర్మల్
చదరపు మీటరు లెక్కన ఎక్కదు. వింతగా ఉంటాది గానీ అదే ఈ వ్యవహారంలో అసలు మలుపు.

ఇది మామూలుగా పోతాందా, అల్లకల్లోలంగా పోతాందా అని చెప్పడానికి రేలీ సంఖ్య అని ఒకటుంది. తేడా ఎంత, పలక సైజెంత, గాలి జిగురెంత, అన్నీ కలిపి వచ్చే నంబరు. పైకి చూసే పలకకు కోటి దాటితే టర్బులెన్స్ కింద లెక్క. నీ 3 ఇంటూ 3 బండలకు (వైశాల్యాన్ని చుట్టుకొలతతో భాగించి సైజు తీసుకుంటారు, 0.75 మీటర్లొస్తాది) సుమారు 57 కోట్లు. సందేహమే లేదు.

కోటి దాటినాక బండ సైజు లెక్కలోంచి ఎగిరిపోతాది. ఎందుకంటే వేడిని ఆపేది ఆ 6, 7 మిల్లీమీటర్ల పొరే, ఆ పొర మందం పక్కనున్న గాలి తెంపుకుపోవడాన్ని బట్టి ఉంటాది గానీ నీ మిద్దె ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు. తేడా పెంచితే మాత్రం లాభముంది: డిగ్రీల తేడా రెట్టింపైతే పోయే వేడి రెండున్నర రెట్లవుతాది.

కారందోశె_కడప
మా అవ్వ దోశె పెనం మీద ఎంతొస్తాదో చెప్పు. మేం కూడా సైన్సులో ఉన్నట్టు.

అనంత_థర్మల్
అడుగంత పెద్ద పెనం, అడ్డం 30 సెంటీమీటర్లు, గదికన్నా 170 డిగ్రీలు ఎక్కువ అనుకో. రేలీ సంఖ్య 20 లక్షల దగ్గర. కోటి కాలేదు. పుస్తకం ప్రకారం మీ అవ్వ పెనం మీద గాలి మర్యాదస్తురాలు, పత్తికొండ మిద్దె మీద గాలే పోకిరి.

మాజీ_ఫిజిక్సు
రేలీ పేరు వచ్చింది కాబట్టి. 1900లో ఫ్రాన్సులో బెనార్ పల్చటి ద్రవపు పొరను కింద నుంచి వేడి చేసి తేనెపట్టు లాంటి గళ్లు చూశాడు. 1916లో రేలీ దానికి గణితం కట్టాడు. రెండు గట్టి పలకల మధ్య పొరకు రేలీ సంఖ్య 1708 దాటితేనే కదలిక మొదలవుతుందన్నది ఆ దారిలో తేలిన సంఖ్య. తమాషా ఏమంటే, బెనార్ చూసిన గళ్లు చాలావరకు వేడిగాలి లేచే పద్ధతివి కావనీ, ద్రవం ఉపరితల తన్యత వల్ల ఏర్పడ్డవనీ 1950లలో బయటపడింది. సిద్ధాంతం సరైనదే, పుట్టించిన ప్రయోగం వేరేది.

వానలెక్క
మాస్టారూ, టౌన్సెండ్‌ను బయటి గాలికి అట్లే అంటగట్టకండి. ఆయనది లోపల పెట్టిన పలక. సగటు టెంపరేచరు ఎత్తుతో ఎంత త్వరగా పడిపోతుందన్న దాంట్లో ఆయనకు వచ్చింది ఎత్తు వర్గానికి విలోమంగా. 1954లో మాల్కస్ అనే శాస్త్రవేత్త చెప్పింది కూడా అదే. అదే 1954లో ఆస్ట్రేలియా వాతావరణ శాస్త్రవేత్త ప్రీస్ట్‌లీ బయట నేల మీది గాలికి చెప్పింది ఎత్తు 4/3 ఘాతానికి విలోమం అని. రెండూ ఒకటి కాదు. ఆరుబయట ఎంత "గాలి లేదు" అన్నా కొంచెమన్నా పిల్లగాలి ఉంటుంది, ఆ పైన కిలోమీటర్ల ఎత్తున్న పెద్ద పెద్ద తిరుగుళ్లుంటాయి. లోపల పెట్టిన పలక మీద అవి రావు.

మాజీ_ఫిజిక్సు
నేను అంటగట్టింది దఫదఫాల సంగతి, ఘాతం సంగతి కాదు. గోల, ప్రశాంతం రెండు చోట్లా కనిపిస్తాయి. మిగతాది మీరన్నట్టే.

పత్తికొండ_టమాట
సామీ, 4/3కీ 2కీ మధ్య నా టమాటాలు కుళ్లిపోయేట్టున్నాయి.

ఎర్రగుంట్ల_బండ
మాది బండల పాలిష్ పనే, పుట్టినప్పటి నుంచి ఈ నల్లరాయి మీదే కాళ్లు కాల్చుకుంటాండాం. ఇన్ని లెక్కలు చదివినా గానీ ఒక్కరూ అడగలేదు: ఫ్రేము నిండా ముక్కలు పరిస్తే కింద బండకు ఎండెట్లా తగులుతాది? నీ కొలతలన్నీ ఫ్రేము లేనప్పుడు తీసినవి. ముక్కలు పరిచిన అరగంటకు ఆ 62 ఉండదు. రాయి మందంగా ఉంటే కొంచెంసేపు పట్టి ఉంచుతాది, అంతే.

అనంత_థర్మల్
ఎర్రగుంట్ల అన్నకు దండం. ఇది మొదట్లోనే అడగాల్సిన ప్రశ్న. ఎండ తగిలినా ఎంత లాభమో చూద్దాం.

నడి ఎండలో చదరపు మీటరు మీద పడేది 900 వాట్లకు పైనే. గాలి ఆడనప్పుడు బండ నుంచి గాలిలోకి ఎక్కేది 4.2 ఇంటూ 21, అంటే 88 వాట్లు. అంతే! 62 డిగ్రీల రాయి ఆకాశంలోకి వికిరణంగా చిమ్మేది, ఆకాశం నుంచి తిరిగొచ్చేది తీసేసినా, 250 దగ్గరుంటాది. మిగిలింది రాయిలోకి, కింది స్లాబులోకి దిగుతాది. రాత్రి పన్నెండైనా ఇల్లు కాగుతా ఉండేది అందుకే.

ఇంక టమాట. కిలో టమాటాలో నీళ్లే 940 గ్రాములుంటాయి. అది ఆవిరి కావాలంటే 22 లక్షల జౌళ్లు పైన కావాల. 88 వాట్లతో ఏడు గంటలు. అదీ చదరపు మీటరుకు ఒక్క కిలో పరిస్తేనే, ఐదు కిలోలు పరిస్తే 35 గంటల నడి ఎండ. అంటే బండ గాలిని కాచి, ఆ గాలి ముక్కల్ని ఆరబెట్టేదాని కోసం కూచుంటే కాదు. ముక్కల మీద నేరుగా పడే ఎండ, పక్కనుంచి ఆడే గాలి, ఈ రెండే పని చేస్తాయి. నల్లబండ కన్నా, చుట్టూ ఎత్తు గోడ లేని మిద్దె మేలు.

బుడ్డలచేను
మరి మా నాయన కాలం నుంచి మిద్దె మీద గుడ్డేసి దాని మీదే పరుస్తాండారు. రెండు మూడు ఎండలకు గలగలమంటాయి. ఏ వలా లేదు.

అనంత_థర్మల్
అదే చెప్తాండా. గుడ్డ మీద పరిస్తే ముక్క మీద ఎండ పూర్తిగా పడతాది, కింద రాయికి తగిలి ఆ వేడి నేరుగా ఎక్కుతాది, మధ్యలో ఆ 7 మిల్లీమీటర్ల గాలి అడ్డం లేదు. లోపమల్లా దుమ్ము, ఈగలు, అడుగు అంటుకుపోయేది.

ఓర్వకల్లు_ప్యానెల్
సోలార్ పార్కులో పని చేసేవాడిగా ఒక మాట. ఇక్కడ గని, శకునాల పక్క వెయ్యి మెగావాట్ల పార్కులో ప్యానెళ్లు ఎండాకాలం 65 దాకా పోతాయి. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి ఇంచుమించు 0.4 శాతం పవర్ పోతాది, అంటే 65 దగ్గర 16 శాతం. కాబట్టి మాకు గాలి అంటే ప్రాణం. గాలి ఆడని రోజు, ఎండ బాగున్నా యూనిట్లు తగ్గుతాయి, సూపర్వైజరు మాత్రం మావైపు చూస్తాడు.

ప్యానెల్ పైభాగం నుంచి వేడి సులువుగా లేచిపోతాది. కిందిభాగం కిందికి చూస్తాది గదా, వేడిగాలి దానికే అతుక్కుని ఉంటాది, పక్కల నుంచి జారిపోవాల్సిందే. పూర్తిగా అడ్డంగా ఉన్న పలకకైతే కిందివైపు పోయేది పైవైపు పోయేదాంట్లో మూడో వంతే అని మా ట్రైనింగులో చెప్పినారు. మేం కొంచెం వాలుగా పెడతాం కాబట్టి ఆ గాలి పైకి జారి తప్పించుకుంటాది. అసలు వాలు ఎండ కోసం, ఇది కొసరు.

అనంత_థర్మల్
మూడో వంతు సరిపోతాది. రేలీ సంఖ్య వంద కోట్లున్నప్పుడు వేడి ఎంత సులువుగా పోతాదో చెప్పే లెక్కలో పైవైపు సూత్రం 150 ఇస్తాది, కిందివైపుది 48.

గండికోట_గద్ద
పైనేం జరుగుతాదో కూడా చూడండబ్బా. ఈ చిన్న తెరలన్నీ కలిసి కలిసి పెద్ద స్తంభాలైతాయి. పెన్నా లోయ అంచున పదకొండింటప్పుడు నిలబడితే గద్దలు రెక్క ఆడించకుండా గిరగిరా తిరుగుతా పైకి పోతాంటాయి. డియర్డార్ఫ్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1970లో ఈ పైకెగిరే వేగానికి ఒక కొలత కట్టినాడు. నేల నుంచి చదరపు మీటరుకు 300 వాట్లు గాలిలోకి ఎక్కి, కలిసే పొర రెండు కిలోమీటర్లుంటే సెకనుకు రెండున్నర మీటర్లు. గద్ద బరువుకు చాలు.

సుడిగాలి కూడా దాని చుట్టమే. చుట్టూ నుంచి కిందికి చేరే గాలికి కొంచెం తిరుగుడు అంటుకుంటే, సన్నబడేకొద్దీ వేగం పెరుగుతాది, దుమ్ము లేస్తాది.

కారందోశె_కడప
మా ఊర్లో సుడిగాలి వస్తే చెప్పు తీసి చూపిస్తారు, దయ్యం పోతాదని. డియర్డార్ఫ్ చెప్పు చూపించినాడా లేదా?

బుడ్డలచేను
తూర్పార పట్టేది కూడా పొద్దెక్కినాకే ఎందుకో ఇప్పుడు అర్థమైతాంది. పొద్దున్నే గాలుండదు, పదకొండు తర్వాతే వీస్తాది.

గండికోట_గద్ద
అంతే. పొద్దున కింద గాలి చల్లగా పడుంటాది, పైన వీచే గాలికి కిందికి దిగే దారుండదు. నేల కాగినాక తిరుగుడు మొదలై పైగాలి వేగం కిందికి దిగుతాది. అందుకే మధ్యాహ్నం దుమారం, మాపటికి గమ్మున.

వానలెక్క
రాత్రి సంగతి ఒకటి చెప్పి పోతా, మీటరు మీద అనుమానం వచ్చింది కాబట్టి. 1932లో మన వాతావరణ శాస్త్రవేత్త ఎల్. ఎ. రామ్‌దాస్ (తోడు ఆత్మనాథన్) రాత్రిపూట ఖాళీ నేల మీద గాలిని కొలిస్తే, అన్నిటికన్నా చల్లని గాలి నేలకు ఆనుకుని లేదు, జానెడు, మూరెడు ఎత్తులో ఉంది. ఆకాశం తేటగా, గాలి గమ్మున ఉన్న రాత్రుల్లో. అట్లయితే పైన బరువు గాలి, కింద తేలిక గాలి, వెంటనే తిరగబడాలి గదా అని చాలామంది నమ్మలేదు, కొలతే తప్పన్నారు. తర్వాత వేరే దేశాల్లోనూ కొలిచి చూశారు, ఉన్నదే. వికిరణం చేసే పని అని బెంగుళూరులో శాస్త్రవేత్త రొద్దం నరసింహ బృందం చాలా ఏళ్లు దాని మీద కూచుంది. నీ వైరు రాత్రి కూడా పెట్టి చూడు.

మిద్దెమీద_మంచం
మంచం ఎత్తు కూడా మూరెడే. మా పెద్దోళ్లకు రామ్‌దాస్ ముందే తెలుసు.

వానలెక్క
అది ఖాళీ నేల మీద. కాగిన సిమెంటు మిద్దె మీద తెల్లారేదాకా వేడే లేస్తా ఉంటాది, దానికీ దీనికీ పొంతన కట్టొద్దు.

పత్తికొండ_టమాట
బండలు ఎట్లా కొన్నా, వెనక్కిచ్చేదానికి కాదు. వాటిని పనికి తెచ్చే దారి ఉందా లేదా?

అనంత_థర్మల్
ఉంది. బండను, ముక్కల్ని వేరు చెయ్యి. బండ మీద నాలుగైదు అంగుళాల ఎడంతో అద్దం మూసి, పెట్టె మాదిరి కట్టి, దక్షిణం వైపు కొస కిందికుండేట్టు వాలుగా పెట్టు. కింది కొస తెరిచి ఉంచు, పై కొస ఒక నిలువు డబ్బాలోకి పోవాల. డబ్బాలో వలల ఫ్రేములు ఒకదాని మీద ఒకటి, పైన పొగగొట్టం మాదిరి చిమ్నీ. అప్పుడు బండకు ఎండ తగ్గదు, లేచిన తెర ఆకాశం పాలు కాదు. అద్దం ఉంటే బండ 62 దగ్గర ఆగదు, ఇంకా పైకి పోతాది. ముక్కలు నీడలో ఉంటాయి కాబట్టి ఎరుపు కూడా చెడదు.

ఒక్కటే హెచ్చరిక. మీటరున్నర చిమ్నీ, లోపల 60, బయట 41 అయితే వచ్చే తోపు ఒక్క పాస్కల్ కూడా ఉండదు, ఎ4 కాగితం దాని వైశాల్యం మీద మోపే బరువంత. వలల మీద దగ్గరదగ్గరగా పరిచినావంటే గాలి ఆగిపోతాది. పల్చగా పరువు, మూడు ఫ్రేములకు మించొద్దు, చిమ్నీ సన్నం చెయ్యొద్దు.

ఎర్రగుంట్ల_బండ
ఇంత వాలులో మందం బండ పెడితే ఫ్రేము కూలుతాది. ముప్పాతిక అంగుళందే పెట్టు. పాలిష్ చేసిన ముఖం కిందికి, గరుకు ముఖం పైకి. మెరిసే ముఖం ఎండను కొంత తిప్పికొడతాది.

ఓర్వకల్లు_ప్యానెల్
పాత కంప్యూటరు ఫ్యాను ఒకటి, చిన్న సోలార్ ముక్క ఒకటి తగిలిస్తే ఆ పాస్కల్ గొడవే ఉండదు. ఎండ ఎక్కువైతే ఫ్యానూ ఎక్కువ తిరుగుతాది.

మాజీ_ఫిజిక్సు
ఫ్యాను పెడితే అది ఇక సహజ సంవహనం (వేడికి గాలి తనంతట తానే లేవడం) కాదు. ఒరుగులకు ఆ తేడా తెలియదనుకోండి.

పత్తికొండ_టమాట
ఫ్యానుకే ఓటు. అద్దం కొత్తది కొంటే ఒరుగుల మీద వచ్చేది అద్దానికే సరిపోయేట్టుంది. పాత కిటికీ అద్దాలు యాడన్నా దొరుకుతాయా?

బుడ్డలచేను
ఆదోనిలో గుజిరీ కొట్లు చూడు. చెక్క ఫ్రేముతో సహా ఇస్తారు. బేరమాడు.